కొట్టలేదు, కట్టాము... అంతే!

తెలుగు ఉపాధ్యాయ మిత్రులారా, బిడ్డలను తెలుగు బడికి పంపుతున్న తల్లిదండ్రులారా,

"మేము కొట్టలేదండీ. కట్టాము, అంతే." ఈ మాటను నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు విన్నానో లెక్క చెప్పలేను. తిరుత్తణి చుట్టుపక్కల బడులలో విన్నాను. తిరువళ్ళూరులో శిక్షణ తరగతులకు వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర విన్నాను. చెప్పేవారి గొంతులో తప్పు చేసిన భావం ఏ కోశానా ఉండదు. పైపెచ్చు కాస్త గర్వం కూడా తొంగిచూస్తుంది. బెత్తం పట్టరాదని ప్రభుత్వం శాసించింది, మేము పట్టలేదు, చట్టాన్ని గౌరవించాము అన్న ధోరణి. అల్లరి పిల్లవాడి చేతులను తువాలుతో వెనక్కు కట్టారు. లేదా నడుముకు తాడు చుట్టి బల్లకాలికి ముడివేశారు. లేదా సామాను గదిలోకి నెట్టి గొళ్ళెం పెట్టారు. ఒంటి మీద వాత తేలలేదు కనుక తప్పు జరగలేదట!

ఈ వాదాన్ని ఖండించడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. అయితే ఇతరులను వేలెత్తి చూపే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి.

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒక పల్లెటూరి బడి. ఊరి పేరు వద్దు. బెత్తం నిషేధం వచ్చిన తరువాతి సంగతి ఇది. నేను ఆ నిషేధాన్ని మనస్ఫూర్తిగా పాటిస్తున్నవాడిని. ఇద్దరం ఉపాధ్యాయులం. ఆ రోజు రెండవవారు సమావేశానికి వెళ్ళడంతో ఐదు తరగతులూ నా ఒక్కడి మీద పడ్డాయి. రెండవ తరగతి పిల్లవాడొకడు మాటిమాటికీ బయటకు పరుగెత్తుతున్నాడు. బడి ముందే తారురోడ్డు, దాని మీద ఎడతెగని లారీలు. ప్రహరీ గోడ లేదు. రెండుసార్లు వెంటపడి పట్టుకొచ్చాను. మూడవసారి నా భుజం మీది కండువా తీసి, వాడి కుడిచేతి మణికట్టును కిటికీ చువ్వకు కట్టాను. కట్టి, పెద్ద తరగతులకు లెక్కలు చెప్పడానికి పక్కగదికి వెళ్ళాను. వాడు కాసేపు ఏడ్చాడు, తరువాత ఊరుకున్నాడు. వాడు ఊరుకున్నాడు గనుక నేను వాడిని మరచిపోయాను. కట్టినందుకు కంటే ఆ మరపుకే నేను ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను.

మధ్యాహ్నం వాడి అవ్వ మేకలు తోలుకొని ఆ దారిన పోతూ కిటికీలో మనవడిని చూసింది. లోపలికి వచ్చింది. అప్పటికి వాడి నిక్కరు తడిసి ఉంది. ఆమె నన్ను తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ముడి విప్పి కండువాను నా బల్ల మీద పెట్టి, "అయ్యోరా, ఎద్దునైనా మద్దేనానికి ఇప్పి నీళ్ళు పెడతాం గదా" అంది. పిల్లవాడిని తీసుకొని వెళ్ళిపోయింది.

సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అప్పుడు తెలిసింది. వాడి తల్లి ఆ నెలలోనే దూరపు పనికి కుదిరిందట. బిడ్డ నిద్ర లేవకముందే బస్సెక్కి పోతుందట. రోడ్డు మీద బస్సు హారను వినబడితే చాలు, అమ్మ వచ్చిందని వాడి పరుగు. నేను కట్టే ముందు "ఎక్కడికి రా?" అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు. వాడిదీ నాదీ ఒకే తెలుగు. అడగడానికి భాష అడ్డం రాలేదు, నా తొందర అడ్డం వచ్చింది. మరునాటి నుండి వాడిని ఐదవ తరగతి పిల్ల పక్కన కూర్చోబెట్టాను. అమ్మ బస్సు చీకటి పడే వేళకు గాని రాదని ఆ పిల్లే వాడికి రోజూ ఓపికగా చెప్పేది. పది పన్నెండు రోజులలో పరుగు తగ్గింది.

మీరు తెలుగు చెప్పేవారు గనుక ఒక భాషా విషయం కూడా గమనించండి. వీధిబడుల కాలంలో కోదండం అనే శిక్ష ఉండేది. దూలానికి వేలాడదీసిన తాడును చేతులతో పట్టుకొని పిల్లవాడు గాలిలో వేలాడాలి. పట్టు జారితే దెబ్బలు. దానికి శ్రీరాముని వింటి పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆ శిక్షకు పేరంటూ ఉంది కనుక లోకం దానిని శిక్ష అని గుర్తించింది, క్రమంగా మాన్పించింది. దొంగల కాళ్ళకు వేసే బొండకొయ్యకు పేరుంది. సంకెలకు, బేడీలకు, అరదండాలకు పేర్లున్నాయి. పశువును కట్టే పలుపుకూ తలుగుకూ పేర్లున్నాయి. కండువాతో, చున్నీతో, గోనెసంచి పురికొసతో పసివాడిని కట్టడానికి మాత్రం భాషలో ప్రత్యేకమైన పేరు లేదు. పేరు లేకపోవడం వల్లనే అది లెక్కలోకి రాకుండా తప్పించుకుంటున్నదని నా అనుమానం.

చట్టం కూడా అలాగే తప్పించుకోనిస్తుందని భ్రమపడవద్దు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో బడులలో శారీరక దండనను నిషేధించింది. తమిళనాడు 2003 జూన్‌లో తన విద్యా నియమావళిలోని 51వ నియమాన్ని సవరించి, పిల్లలకు శరీరానికి గాని మనసుకు గాని బాధ కలిగించరాదన్నది. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. జాతీయ బాలల హక్కుల కమిషను మార్గదర్శకాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, తరగతి గదిలోనో మరుగుదొడ్డిలోనో మరే మూసిన చోటనో పిల్లవాడిని నిర్బంధించడాన్ని శారీరక దండనగానే లెక్కగట్టాయి. ఆ మార్గదర్శకాలను అమలు చేయాలని మద్రాసు హైకోర్టు 2024లో మన రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. గదిలో మూయడమే దండన అయినప్పుడు, చువ్వకు కట్టడం దండన కాదని వాదించగల న్యాయవాది ఎవరో నాకు తెలియదు.

అయినా ఈ చట్టాలన్నీ శిక్ష గురించి మాట్లాడుతున్నాయి. మనవారు చెప్పేది వేరు: "శిక్షగా కట్టలేదు, వాడి క్షేమం కోసమే కట్టాము, మాకు మనుషులు చాలరు." ఈ వాదం బడిలో పుట్టినది కాదు. పిచ్చాసుపత్రులలో దీనికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. మన రాష్ట్రంలోనే అది ఎంతటి ఘోరానికి దారితీసిందో చూడండి.

రామనాథపురం జిల్లాలో ఏర్వాడి దర్గా ఉంది. మనసు చెదిరిన వారిని అక్కడికి తీసుకొని వెళ్తే నయమవుతుందని మతభేదం లేకుండా జనం నమ్మేవారు. ఆ నమ్మకం చుట్టూ ఎన్నో ప్రైవేటు ఆశ్రమాలు లేచాయి. రోగులు పారిపోకుండా గొలుసులు వేసి ఉంచేవారు. కుటుంబాలవారు చూస్తూనే ఉండేవారు. క్షేమం కోసమే గదా అనుకొనేవారు. 2001 ఆగస్టు 6వ తేదీన, తెల్లవారకముందే, అటువంటి ఒక ఆశ్రమపు పాకకు నిప్పంటుకున్నది. గొలుసులలో ఉన్నవారు లేచి పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. వారి మీద పగబట్టిన వారెవరూ లేరు, ఆ ఉదయం వారిని కొట్టిన వారూ లేరు. కట్టారు, అంతే.

ఆ దుర్ఘటన తరువాత సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. ఆశ్రమాలు మూతపడ్డాయి. చట్టం నిక్కచ్చిగా మాట్లాడడానికి మాత్రం ఇంకా పదహారు సంవత్సరాలు పట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 95వ సెక్షను గొలుసును ఏ రూపంలోనైనా సరే నిషేధించింది. 97వ సెక్షనును ఉపాధ్యాయులందరూ ఒక్కసారైనా చదవాలని నా కోరిక. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే మార్గం లేనప్పుడే రోగిని కదలకుండా పట్టి ఉంచవచ్చునని, అందుకు బాధ్యుడైన మానసిక వైద్యుని అనుమతి కావాలని, అవసరమైనంత సేపు మాత్రమే ఉంచాలని, కారణమూ సమయమూ వ్రాసి పెట్టాలని, రోగి తరఫువారికి తెలియజేయాలని ఆ సెక్షను విధించింది. శిక్షగా గాని భయపెట్టడానికి గాని వాడరాదన్నది. ఆపైన, సిబ్బంది కొరతను కారణంగా చూపి ఎవరినీ నిర్బంధించరాదని కూడా స్పష్టంగా చెప్పింది.

సిబ్బంది కొరత! మన బడులలో కట్టివేతకు చెప్పే మొదటి కారణమూ చివరి కారణమూ అదే గదా? ఉన్మాదావేశంలో ఉన్న పెద్దమనిషి విషయంలో చెల్లదని పార్లమెంటు త్రోసిపుచ్చిన సాకు, ఏడేళ్ళ పిల్లవాడి విషయంలో ఎలా చెల్లుతుంది? ఇంగ్లండులో హాన్‌వెల్ మానసిక వైద్యశాలలో జాన్ కొనోలీ అనే వైద్యుడు 1839లోనే కట్లూ పట్టీలూ ఎత్తివేసి, వందలాది రోగులున్న వైద్యశాలను నడిపి చూపించాడు. కట్లు విప్పాలంటే మంచి పరిచారకులు కావాలని ఆయన పట్టుబట్టాడు. మనుషులు చాలకపోతే మనుషులను అడగాలి. మనం తాడును అడుగుతున్నాము.

ఇక పోలీసుల సంగతి. బేడీలు వేయడం వారి జన్మహక్కు అని మనలో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు, బేడీలు వేయడం మామూలు పద్ధతి కారాదని, తప్పనిసరి అయితే కారణాలు వ్రాసిపెట్టాలని తీర్పు చెప్పింది. 1995 నాటి తీర్పు ఇంకా గుర్తుంచుకోదగినది. గువహాటిలోని ఆసుపత్రిలో చికిత్స కోసం చేర్చిన ఖైదీలను, కాపలా ఉండగానే, బేడీలు వేసి పొడుగాటి తాడుతో కట్టి ఉంచారు. ఆ సంగతిని పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ లేఖ ద్వారా కోర్టు దృష్టికి తెచ్చారు. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా ఇటువంటివి చేయరాదని కోర్టు ఆదేశించింది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కొన్ని తీవ్రమైన నేరాలకు బేడీలు వేయడానికి పోలీసులకు వీలు కల్పించింది. అది వెనకడుగు అని నా అభిప్రాయం, కాదనేవారూ ఉన్నారు. అయితే ఆ కొత్త చట్టంలో కూడా ఏ నేరాలకు వేయవచ్చునో జాబితా ఉంది. నేరం చేశాడన్న ఆరోపణ మీద పట్టుబడిన బాలునికైతే, 2016 నాటి బాలన్యాయ నమూనా నియమాల ప్రకారం, పోలీసులు బేడీలు గాని సంకెళ్ళు గాని వేయనే కూడదు.

అంటే ఏమిటి? పన్నెండేళ్ళ పిల్లవాడు అంగడిలో దొంగతనం చేసి దొరికితే పోలీసు అతని చేతులు కట్టరాదు. అదే పిల్లవాడు తరగతిలో పక్కవాడితో మాట్లాడితే అయ్యవారు కట్టవచ్చునా?

ఇక్కడ మన మాతృభాష సంగతి వస్తుంది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు జరిగింది గాని ఇళ్ళలో మాట జరగలేదు. ఈనాటికీ ఎన్నో పల్లెలలో బిడ్డ ఐదవ ఏట బడికి వచ్చేవరకు తెలుగు తప్ప మరొకటి ఎరుగడు. తెలుగు ఉపాధ్యాయుడు విరమణ చేస్తే ఆ స్థానంలో మళ్ళీ తెలుగు తెలిసినవారు వస్తారో రారో దైవాధీనం. అలాంటి బడిలో తనకు అర్థం కాని భాషలో ఆజ్ఞ వింటున్న పిల్లవాడు లేవమంటే కూర్చుంటాడు, రమ్మంటే దిక్కులు చూస్తాడు, చివరకు భయపడి పరుగెత్తుతాడు. వాడిని మొండివాడంటారు. మొండివాడికి తాడు సిద్ధం. తిరువళ్ళూరు జిల్లా ఇటుక బట్టీలకు ఒడిశా నుండి వచ్చే కూలీల బిడ్డల గతి కూడా ఇదే. తెలుగువాళ్ళమని మనకు మనమే జాలిపడుతూ, మన బడికి వచ్చిన ఒడియా బిడ్డను మూలకు కూర్చోబెడితే మన వాదానికి విలువ ఏముంది?

భాషకూ స్వేచ్ఛకూ సంబంధం ఏమిటని అడిగేవారికి 1962 నాటి హరికిషన్ కేసు చూపుతాను. మహారాష్ట్రలో ఒక వ్యక్తిని ముందస్తు నిర్బంధంలో పెట్టి, కారణాలను ఆంగ్లంలో అందజేశారు. నాకు ఆంగ్లం రాదు, హిందీలో ఇవ్వండి అని ఆయన అడిగితే అధికారులు నిరాకరించారు. అర్థం కాని భాషలో చెప్పినది చెప్పినట్లు కాదని సుప్రీంకోర్టు ఆ నిర్బంధాన్నే చెల్లదన్నది. బంధించే ముందు మనిషికి తెలిసిన భాషలో కారణం చెప్పి తీరాలన్న ఈ సూత్రాన్ని మన బడి గోడ మీద వ్రాయించాలి. నిజానికి పిల్లవాడి భాషలో కారణం చెప్పడానికి మీరు వాడి పక్కన కూర్చుంటే, నూటికి తొంభై సార్లు కట్టవలసిన అవసరమే రాదు. ఇది నా అనుభవం, గణాంకం కాదు.

ఆక్షేపణలు వస్తాయని తెలుసు. పిల్లవాడు లారీ కింద పడబోతుంటే చూస్తూ ఊరుకోవాలా అంటారు. ఊరుకోవద్దు; పరుగెత్తి రెండు చేతులా పట్టుకోండి, గుండెకు హత్తుకోండి. పక్కవాడి కంట్లో పెన్సిలు గుచ్చబోతే చెయ్యి పట్టి ఆపండి. అది మనిషి మనిషిని పట్టుకోవడం. ప్రమాదం తీరగానే పట్టు వదులుతుంది, పట్టుకున్నంత సేపూ మీ కళ్ళు వాడి మీదే ఉంటాయి. తాడుకు కళ్ళు లేవు. తాడు కట్టేదే మనం పక్కగదికి వెళ్ళిపోవడానికి. నేను వెళ్ళాను గదా!

మాట రాని పిల్లలు, బుద్ధిమాంద్యం గల పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు బడికి వస్తున్నారు, వారితో ఎలా అని మరికొందరు. ఇది నిజమైన కష్టమే, నేను తేలికగా తీసివేయను. కాని తాడు ఎక్కువగా పడేది వీరి మీదనే. మన బంధువుల పిల్లలు ఎందరో చదువుతున్న అమెరికాలో, మనకంటే ఎన్నో రెట్లు సిబ్బంది ఉన్న బడులలో కూడా ఈ జాడ్యం ఉంది. అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2009లో ఇచ్చిన నివేదికలో, బడులలో పట్టి ఉంచడం వల్ల, గదిలో బంధించడం వల్ల గాయపడిన, చనిపోయిన పిల్లల ఉదంతాలు వందలకొద్దీ వచ్చిన ఆరోపణల నడుమ కనిపించాయి. అలా నిర్బంధానికి గురైనవారిలో అత్యధికులు వికలాంగ బాలలే అని అక్కడి విద్యాశాఖ లెక్కలు పదేపదే చెబుతున్నాయి. ఎదురు చెప్పలేని వారిని కట్టడం ఎక్కడైనా సులభం.

తల్లిదండ్రులారా, మిమ్మల్ని కూడా వదలను. "కళ్ళు రెండూ వదిలిపెట్టి తోలు వలిచెయ్యండి అయ్యోరా" అని బిడ్డను అప్పగించి వెళ్ళే తండ్రులను చూశాను. ఈ మాట తమిళంలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. రెండు జాతులూ పోట్లాడుకోకుండా పంచుకున్న ఆస్తి బహుశా ఇదొక్కటే. ఆ మాటను మీరు చమత్కారంగా అంటారు. వినే ఉపాధ్యాయుడు అనుమతిపత్రంగా తీసుకుంటాడు. మేమూ దెబ్బలు తిన్నాము, బాగుపడలేదా అంటారు. బాగుపడినవారు మాట్లాడుతున్నారు. ఆ దెబ్బలకే బడి మాని మేకల వెంట, బట్టీల వెంట పోయినవారు ఈ వ్యాసం చదవడానికి రారు.

ఉపాధ్యాయ మిత్రులారా, సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణిలో మనం ప్రతి సెప్టెంబరు 5న ఆయన పటానికి దండ వేసి ప్రసంగాలు చేస్తాము. ఈ సంవత్సరం ఒక ప్రసంగం తగ్గించి, వంద పుటల నోటుపుస్తకం ఒకటి కొనండి. పిల్లవాడిని పెద్దవారెవరైనా బలవంతంగా పట్టి ఉంచిన ప్రతిసారీ అందులో వ్రాయాలి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు, ఎందుకు, ఎవరు పట్టుకున్నారు, పిల్లవాడికి ఏ భాషలో చెప్పారు, ఇంటివారికి ఎప్పుడు తెలిపారు. ఆసుపత్రికి చట్టం విధించినదే ఇది. మనకు మనమే విధించుకోవడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. "ఒక్కడినే ఉన్నాను, రెండవ ఉపాధ్యాయుడు లేడు" అని కూడా అందులోనే వ్రాయండి. పదిసార్లు వ్రాసిన తరువాత ఆ పుస్తకాన్నే తిరువళ్ళూరు విద్యాధికారి కార్యాలయానికి పట్టుకుపోయి, సిబ్బంది కావాలని అడగవచ్చు. ఇప్పుడు మన దగ్గర అడగడానికి ఏ ఆధారమూ లేదు, ఎందుకంటే మన కొరతను తాళ్ళతో కప్పిపుచ్చుతున్నాము.

తల్లిదండ్రులు బడి నిర్వహణ సంఘం సమావేశంలో ఆ పుస్తకం చూపమని అడగండి. తెలుగులోనే అడగండి. మా బడిలో ఎవరినీ ఎన్నడూ కట్టలేదు, పుస్తకంతో పని లేదు అని ప్రధానోపాధ్యాయులు అంటే సంతోషం. ఆ ఒక్క వాక్యాన్నే మొదటి పుటలో వ్రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇమ్మనండి.